సార్కాయిడోసిస్ వ్యాధి - చికిత్సా మార్గములు
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభా కార్యనిర్వాహకులు ఆరోగ్య విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిరి. మేము వైద్యులము గాము. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము. అయినను గడచిన కొలది యేండ్లలో మన బంధువర్గమునందే మూడిండ్ల ఈ వ్యాధి పేరు వినవలసి వచ్చినది. ఆ మూడిండ్లవారును ఆసుపత్రి కాగితములు చదివిపెట్టుడని మాకడకే వచ్చిరి. ఆ కాగితములు చేతబట్టుకొని ఛాతీ వైద్యుల గుమ్మముల కడ గూర్చుండి తెలిసికొన్న సంగతులను, పిదప గ్రంథములలో సరిచూచుకొని, మీకు మనవి చేయుచున్నాము.

మొదట పేరును గూర్చి ఒక మాట. భాషోపాధ్యాయునికి పేరు విడిచి ముందునకు సాగుట కష్టము గదా! గ్రీకు భాషలో 'సార్క్స్' అనగా మాంసము. దానికి 'వంటిది' అను అర్థముగల తోక తగిలించిరి. మన భాషలో 'మాంసాభ వ్యాధి' యనిన సరిపోవును. 1877లో లండను నగర వైద్యుడు హచిన్‌సన్ చర్మముపై దీని లక్షణములను వర్ణించెను. 1899లో నార్వే దేశపు వైద్యుడు సీజర్ బెక్ ఆ చర్మపు గడ్డలను సూక్ష్మదర్శినిలో చూచి, ఇవి సార్కోమా యను కేన్సరును పోలియున్నవని తలచి ఈ పేరు పెట్టెను. పోలిక పేరునందే కాని రోగమునందు లేదు. ఇది కేన్సరు గాదు. ఈ యొక్క మాట తెలియక ఒక యింట మూడుదినములు పొయ్యి రాజలేదు.

రోగ స్వరూప మిది. శరీరమును కాపాడవలసిన రక్షకకణములు, కారణ మింకను నిర్ధారణ కాలేదు గాని, అక్కడక్కడ గుంపులు గూడి గింజలవంటి చిన్న ముద్దలుగా నేర్పడును. వీనికే గ్రాన్యులోమాలని పేరు. పదిమంది రోగులలో తొమ్మండ్రకు ఊపిరితిత్తులలోనో, వాని నడుమనుండు లింఫు గ్రంథులలోనో ఇవి కనబడును. కన్ను, చర్మము, కాలేయము, నాడులు, గుండె, వీనిలో దేనినైనను పట్టవచ్చును. ఇది అంటువ్యాధి గాదు. రోగి గిన్నెలు వేరుచేయ నక్కరలేదు.

ఇక క్షయతోడి చిక్కు. మన ప్రాచీన వైద్యులు రాజయక్ష్మమని చెప్పిన క్షయవ్యాధి మన దేశమున నేటికిని విస్తారముగ నున్నది. దగ్గు, జ్వరము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో గ్రంథుల వాపు, ఇవి రెంటికిని సమానములు. సూదితో నొక ముక్క తీసి పరీక్షించినను రెంటను గ్రాన్యులోమాలే కనబడును. క్షయలో ఆ ముద్దల నడిభాగము తరచుగ జున్నువలె కుళ్లును. సార్కాయిడులో సాధారణముగ కుళ్లదు. భేద మింత సూక్ష్మమగుటచే పొరపాటున కవకాశ మెక్కువ. గాజువాకలో నివసించు మా పూర్వశిష్యు డొకడు ఒక వైద్యశాలలో ఎనిమిదిమాసములు క్షయ మందులు మ్రింగెను. కఫములో క్రిమి కనబడలేదు, దగ్గు తగ్గలేదు, పై పెచ్చు కాలేయము వాచి కన్నులు పచ్చబడెను. తుదకు వేరొక వైద్యుడు శ్వాసనాళము గుండ అల్ట్రాసౌండు గొట్టమును పంపి గ్రంథినుండి ముక్కను తీసి చూచి రోగమును తేల్చెను.

దీనికి విపరీతమైన పొరపాటు మరింత ప్రమాదకరము. క్షయరోగిని సార్కాయిడు రోగి యనుకొని స్టెరాయిడు నిచ్చినచో క్షయ విజృంభించును. కావుననే ఛాతీ వైద్యులు కఫమునుగాని, తీసిన ముక్కనుగాని క్షయక్రిమి జన్యుపరీక్షకు పంపుదురు; చేతిపై మాంటూ పరీక్షయు చేయుదురు. సార్కాయిడు గలవారిలో పెక్కండ్రకు మాంటూ పరీక్ష పొంగదు. క్షయక్రిమి ఇంటింట తిరుగు మన దేశమున అది పొంగకుండుటయే వైద్యునకొక గురుతు. అయినను ఏ యొక్క పరీక్షయు తానొక్కటే తీర్పు చెప్పజాలదు. ఈ పరీక్షలకు పది పదునైదు దినములు పట్టిన 'మందు వ్రాయకుండ తిప్పుచున్నా' రని వైద్యుని నిందించువారు మనలో కలరు. ఆ పదునైదు దినములే చికిత్సకు పునాది.

రోగము తేలినతోడనే మందు వేయవలెనా? వినుటకు వింతగా నుండును గాని, అనేకులకు అక్కరలేదు. గ్రంథులు మాత్రమే వాచి, ఊపిరితిత్తులు బాగుగ నున్నవారిలో సగముకంటె నెక్కువమందికి వ్యాధి తనంతట తానే యుపశమించును. చీలమండలు వాచి, కాళ్లపై ఎర్రని నొప్పిగల కణుపులు లేచి, జ్వరముతో నారంభమగు నొక రూపమును స్వీడను వైద్యుడు లోఫ్‌గ్రెన్ వర్ణించెను. అది చూచుటకు భయంకరము, పర్యవసానము శుభము. నొప్పిమాత్రలతో విశ్రాంతి యిచ్చిన పెక్కండ్రకు కొన్ని మాసములలో తగ్గిపోవును. ఇట్టివారికి వైద్యుడు చెప్పునది 'మూడు నాలుగు మాసముల కొకసారి వచ్చి చూపుడు' అనుట మాత్రమే. మందు లేని చికిత్సకు విలువ లేదని మనవారి నమ్మకము. వ్రాతచీటిలో నాలుగు పంక్తులు లేనిదే వైద్యుడు చూచినట్లు కాదు. ఇక్కడ మాత్రము కనిపెట్టి చూచుటయే చికిత్స.

అయితే వేచియుండరాని స్థానములు కలవు. కన్ను ఎర్రబడి చూపు మసకబారుట, గుండె దడదడలాడుట లేక స్పృహ తప్పుట, ముఖ మొకప్రక్కకు వంకరపోవుట, రక్తములో కాల్షియ మధికమగుట, మెట్లెక్కునప్పుడు ఆయాసము మాసమాసమునకు హెచ్చుట. కంటికి ఏ బాధయు లేకున్నను ప్రతిరోగియు ఒకసారి నేత్రవైద్యునికి చూపించుకొనవలెను. ఒక గుండె పటమును తీయించుకొనవలెను.

మందు వేయవలసి వచ్చినపుడు మొదటిది స్టెరాయిడు. కార్టిజోను 1948లో అమెరికాలో కీళ్లవాతమునకు మొదట వాడబడి, కొలది యేండ్లలోనే ఈ వ్యాధికిని వచ్చినది. నేడు ప్రెడ్నిసొలోను మాత్రగా ఇచ్చెదరు. దినమునకు 20 మొదలు 40 మిల్లీగ్రాములతో నారంభించి, మెల్లమెల్లగ తగ్గించుచు, ఆరుమాసములు మొదలు ఏడాదివరకు నడపుదురు. హెచ్చు మోతాదు మేలా, తక్కువ మోతాదు మేలా యను ప్రశ్నకు సమాధానము మన దేశమునందే లభించుట సంతోషము. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు 86 మంది రోగులను రెండు పక్షములుగా విభజించి, ఒకరికి 40తోను ఒకరికి 20తోను మొదలిడి చూచిరి. వ్యాధి తిరుగబెట్టుటలో హెచ్చు మోతాదువలన లాభము కనబడలేదని 2023లో ప్రకటించిరి. ఊపిరితిత్తుల వ్యాధికి సంబంధించిన మాట యిది; గుండెకు, నాడులకు పట్టినపుడు లెక్క వేరు.

స్టెరాయిడును గూర్చి మనవారిలో రెండు తెగలు. ఒక తెగవారు పేరు వినగనే పారిపోదురు. రెండవ తెగవారు ఆయాసము తగ్గినది గదా యని అదే చీటీతో దుకాణమున ఏండ్ల తరబడి కొనుచుందురు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు, ఎముకల బలహీనత, కంటి శుక్లము, నిద్రలేమి, ముఖము ఉబ్బుట, ఇవి దాని దోషములు. చక్కెరవ్యాధి మన యిండ్లలో నెంత సామాన్యమో మీకు దెలియును. కావున మందు మొదలిడుటకు ముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాసములకొలది వాడినదానిని ఒక్కనాట మానరాదు. బయటనుండి వచ్చు మందునకలవాటుపడి శరీరము తాను చేసికొనవలసిన స్టెరాయిడును చేసికొనుట మానియుండును. తటాలున నాపినచో మనిషి కూలబడును.

ఎముకల బలమునకై కాల్షియము, డి విటమిను మాత్రలను వైద్యుని యడుగకయే కొనువారు కలరు. అన్యరోగములలో హాని లేకపోవచ్చును. ఈ రోగములో గ్రాన్యులోమాలే డి విటమినును తీవ్రరూపమునకు మార్చును. రక్తములో కాల్షియము పొంగి మూత్రపిండములలో రాళ్లు పడవచ్చును, పిండములే చెడవచ్చును. రక్తములో కాల్షియ మెంతయో చూచిన పిదపనే ఆ మాత్రలు.

స్టెరాయిడు పడనివారికి, తగ్గింపగనే తిరుగబెట్టువారికి రెండవ మందు మెథోట్రెక్సేటు. ఇచ్చట మన తెలుగువాని నొకని స్మరింపకుండుట కృతఘ్నత యగును. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, అమెరికా కేగిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనది. ఆయన సోదరుడు స్ప్రూ అను గ్రహణీ రోగముతో మరణించెను. ఫోలిక్ ఆమ్లము ఆ రోగమునకే మందగుట గమనింపదగినది. పిదప ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు ద్రవ్యములను తయారుచేసెను. వానిలో నొకటి బాలుర రక్తకేన్సరునకు వాడబడినది. మరియొకటియే ఈ మెథోట్రెక్సేటు. సుబ్బారావుగారు 1948లోనే కీర్తిశేషులైరి.

2025లో హాలండు దేశపు 17 ఆసుపత్రులలో 138 మంది ఊపిరితిత్తుల సార్కాయిడు రోగులపై జరిగిన పరీక్షాఫలితము ప్రకటింపబడినది. మొదటి మందుగనే మెథోట్రెక్సేటు నిచ్చినను, 24 వారములకు ఊపిరిబలము స్టెరాయిడు నిచ్చినవారికి తీసిపోలేదని తేలినది. స్టెరాయిడు త్వరగ పనిచేయును, బరువును పెంచును. మెథోట్రెక్సేటు ఆలస్యముగ పనిచేయును, వికారమును అలసటను కలిగించును, కాలేయముపై కన్నువేసి యుంచవలెను. ఇక పై రోగి దేహస్థితినిబట్టి వైద్యుడు రెంటిలో నొకదానిని ఎంచుటకు మార్గ మేర్పడినది.

ఈ మందు వారమున కొక్కసారియే. దినమునకొకటి కాదు! ఈ సభనుండి మీరు వేరేమియు జ్ఞాపకముంచుకొనకున్నను దీనిని జ్ఞాపకముంచుకొనుడు. పొరపాటున ప్రతిదినము మ్రింగి నోరు పుండ్లుపడి, రక్తకణములు క్షీణించి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు. మందుడబ్బాపై వారముపేరు తెలుగులో పెద్దయక్షరములతో వ్రాసి పెట్టుడు. దోషనివారణకు వైద్యులు వేరొకదినమున ఫోలిక్ ఆమ్లము నిత్తురు. మందును విరుగుడును ఒక్క ప్రయోగశాలనుండియే వచ్చినవి! రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు క్రమముగ పరీక్షింపబడవలెను. మద్యము కూడదు. గర్భవతులును, గర్భముకోరు స్త్రీలును దీనిని వాడరాదు.

అజథయోప్రిన్, లెఫ్లునొమైడు, చర్మమునకు హైడ్రాక్సీక్లోరోక్విను, ఇవి తక్కినవి. వీనికిని లొంగనిచో ఇన్‌ఫ్లిక్సిమాబు అను మందును నరమునకెక్కింతురు. అది ఖరీదైనది, దాగియున్న క్షయను లేపును గనుక క్షయపరీక్ష చేయకుండ నీయరు. ఊపిరితిత్తులు గట్టిపడి పోవుచున్నవారికి నింటెడానిబు కలదు. అన్నియు విఫలమైన కొలదిమందికి ఊపిరితిత్తుల మార్పిడి.

మన విశాఖ ఓడరేవు నగరము, ఉక్కునగరము. ఇక్కడి ధూళియే ఈ వ్యాధికి కారణమా యని పలువురు మమ్మడిగిరి. అట్లని నిర్ధారణ లేదు. అయితే బెరిలియమను లోహధూళి అచ్చముగ ఇట్టి వ్యాధినే కలిగించును. ఇసుకరాతి ధూళివలన వచ్చు సిలికోసిస్‌లోను గ్రంథులు వాచును. కావున కొలిమియొద్ద, పోతపనిలో, బొగ్గు ఎగుమతి దిగుమతులలో ఎన్నియేండ్లు పనిచేసితిరో వైద్యునకు దాచక చెప్పుడు. ఉద్యోగమునకు ముప్పు వచ్చునని దాచువారిని మేమెరుగుదుము. దాచినదానికి ఎక్స్‌రే జవాబు చెప్పలేదు.

పెండ్లి సంబంధములు చెడునని ఈ వ్యాధిని దాచు అలవాటు మన కులమున ముఖ్యముగ నున్నది. అంటుకొనునది కాదని ముందే మనవి చేసితిమి. రోగి తోబుట్టువులకు ఇతరులకంటె ఎక్కువగ రావచ్చునుగాని, అయినను ఆ అవకాశము అత్యల్పమే. దాచిన కన్యకు అత్తవారింట వారపు మాత్ర నెవరు జ్ఞాపకముచేయుదురు? గర్భము నిలుచుటకు ముందు మందు మార్చవలెనని ఎవరు చెప్పుదురు?

పెద్దవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రియు, 1923 నుండి వెలయుచున్న కింగ్ జార్జి ఆసుపత్రియు మనకు చేరువనే యున్నవి. పోవునపుడు పాత ఎక్స్‌రేలు, సీటీ పటములు, ముక్క పరీక్షాపత్రము, ఇంతవరకు వాడిన మందుల చీటీలు తేదీల వరుసను ఒక సంచిలో పెట్టుకొని పొండు.

తుదకు పోషకులకొక విన్నపము. మన సంఘ వైద్యసహాయ నిధి నేటివరకు శస్త్రచికిత్సలకు మాత్రమే యిచ్చుచున్నది. పెద్ద మొత్తము, ఒక్కసారి, పత్రికలో పేరు. ప్రెడ్నిసొలోను, మెథోట్రెక్సేటు చౌక మందులే. పేదవానిని కుంగదీయునవి మాసమాసము రక్తపరీక్షలు, ఆరుమాసముల కొక పటము, ప్రయాణపు కూలి, పోయిన దినవేతనము. ఈ రెండేండ్ల చిల్లర ఖర్చునకు శస్త్రచికిత్స కానిదని మన నిబంధనలు అడ్డుపడుచున్నవి. గాజువాక శిష్యుని దరఖాస్తు అందుచేతనే తిరిగి వచ్చినది. ఈ మధ్యాహ్నపు కార్యవర్గ సమావేశమున నిబంధనను సవరింపుడని మా ప్రార్థన. తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి.