మోటారుబండిలో ఉమ్మడి భాష

రావికమతము నుండి చోడవరము పోవు దారిలో మన కారు పరుగెత్తుచున్నదనుకొందము. ముందున్న చెరకుబండి ఆగినది. డ్రైవరు బ్రేకు నొక్కినాడు. చక్రములు బిగిసి జారకుండ చూచునది ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. చక్రముల వేగమును అది క్షణక్షణము కొలుచుచుండును. ఆ వేగమే మీటరుకు కావలెను, గేరుపెట్టెకు కావలెను, బండి సాగగనే తలుపుల గడియలు పడుటకును కావలెను. కొలుచునది ఒకటి, వాడుకొనునవి పెక్కు.

ఇట్టి పెట్టెలు నేటి కారులో పదుల సంఖ్యలో ఉన్నవి. వాని నడుమ జంట తీగలపై వార్తలు నడచుటకు జర్మనీలోని బాష్ సంస్థ 1986లో ‘క్యాన్’ అను పద్ధతిని ప్రకటించినది. తీగ కుదిరినది గాని మాట కుదరలేదు. ఒకరి పెట్టె వేగమును ఒక లెక్కలో పంపగా, వేరొకరి పెట్టె మరియొక లెక్కకై ఎదురుచూచెడిది. చిప్పు మారినచో ప్రోగ్రామును చాలవరకు తిరిగి వ్రాయవలసి వచ్చెడిది.

ఇట్టి చిక్కు మనకు క్రొత్త కాదు. మద్రాసు మణుగు సుమారు 25 పౌనులు; వంగదేశపు మణుగు సుమారు 82. పేరొక్కటే, బరువు వేరు. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చిన పిదప అనకాపల్లి బెల్లమునకును కిలోయే కొలత యైనది. కొలత ఉమ్మడిది, రుచి మాత్రము వండినవాని చేతిది.

మోటారు కంపెనీలును ఈ మార్గమే పట్టినవి. 2003లో బి.ఎమ్.డబ్ల్యు., ఫోక్స్‌వాగన్ మొదలగు కార్ల కంపెనీలును, బాష్, కాంటినెంటల్ మొదలగు విడిభాగముల సంస్థలును కలిసి ‘ఆటోసార్’ అను ఒప్పందము చేసికొన్నవి. అది మూడంతస్తుల మేడ వంటిది. పైయంతస్తున బ్రేకు, దీపము, తలుపు మొదలగువాని పనులు. క్రింద చిప్పును, తీగను చూచుకొను సాఫ్టువేరు. నడుమ తపాలా బంట్రోతు వంటి ఏర్పాటు. వేగమును తెలుపు ప్రోగ్రాము జాబును బంట్రోతు చేతికిచ్చును. అందుకొనువాడు అదే పెట్టెలో నున్నాడా, తీగకావల నున్నాడా యని దానికి తెలియనక్కరలేదు. జాబు పేరు, కొలమానము, హద్దులు ముందే వ్రాసికొని యుందురు. అందువలన ఒకరు వ్రాసిన పని మరియొకరి పెట్టెలో ఇముడును. 2017లో, కెమెరాలతో దారి చూచు శక్తిమంతమైన కంప్యూటర్లకై ఇందు రెండవ శాఖయు వెలసినది. ఆ యేడే హైదరాబాదులో ఆరంభమైన జెడ్.ఎఫ్. సాంకేతిక కేంద్రమున మన యువకులు వాహనముల సాఫ్టువేరు పని చేయుచున్నారు.

అయినను ఒక మాట మరువరాదు. ఈ ఒప్పందము కంపెనీల నడుమది; మన ఊరి మెకానిక్కుకు తాళపుచెవి నిచ్చునది కాదు. పొగకు సంబంధించిన తప్పుల గుర్తులను స్టీరింగు క్రింది ప్లగ్గు నుండి సామాన్య సాధనముతోనే చదువవచ్చును. మిగిలినవానిలో పెక్కు కంపెనీ సాధనమునకే లొంగును. క్రొత్త పెట్టె బిగించినను, ఆ సాధనముతో బండికి పరిచయము చేయనిదే అది పలుకకపోవచ్చును. అప్పుడు పది మైళ్ళలో తీరవలసిన పనికి బండిని విశాఖపట్నము వరకు లాగించుకొని పోవలెను.

2022 డిసెంబరు 24న భారత ప్రభుత్వము ఆరంభించిన ‘మరమ్మతు హక్కు’ పోర్టలులో మోటారు వాహనముల రంగమునకును చోటు కలిగినది. ఇది మంచి ఆరంభమే. పెట్టెలకు ఉమ్మడి భాష కుదిరినది. ఆ భాష పానా పట్టిన చేతికిని కొంత తెలియవలెను. బండి కొనునపుడు మైలేజీతోపాటు, ‘ఇది చెడినచో మా ఊరి దగ్గర బాగగునా?’ యని కూడ మనమందరము అడుగుదము. అడిగెడివారు పెక్కురైననే కంపెనీలు బదులు చెప్పుట నేర్చును.