కత్తి మీద పేరు

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీధనం గురించి చెప్పమంటే ఈవిడ బొమ్మలతో మొదలుపెట్టిందేమిటి అనుకోకండి. బల్ల మీద రొట్టె, చేప, పండ్లు, గిన్నెలు పెట్టి వేసే చిత్రాలను 'స్టిల్ లైఫ్' అంటారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి అకాడమీ పెద్దలు చరిత్రకూ పురాణానికీ పైపీట వేసి, వీటిని అడుగున కూర్చోబెట్టారు. మనుషుల్లేని బొమ్మలు కాబట్టి తక్కువవట! నగ్నశరీరాన్ని చూసి గీసే తరగతుల్లోకి స్త్రీలను రానిచ్చేవారు కాదు. ఆ విద్య లేకుండా పురాణచిత్రాలు వెయ్యడం కష్టం. స్త్రీలకు మిగిలినవి పూలూ, పండ్లూ, గిన్నెలూ. తలుపు మూసి, బయటే ఉండిపోయారేమని ఎగతాళి చెయ్యడం మనకు కొత్త కాదు కదా.

అదే శతాబ్దం మొదట్లో ఆంట్వెర్ప్‌లో క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి ఉండేది. ఆమె జీవితం గురించి కాగితాలు దాదాపు ఏమీ మిగల్లేదు. బొమ్మలు మిగిలాయి. 1611లో వేసిన ఒక చిత్రంలో తగరపు కూజా మెరుపును దగ్గరగా చూస్తే చిన్న చిన్న ముఖాలు కనిపిస్తాయి. అవి ఆమెవే. 1612 నాటి చిత్రంలో బంగారు పాత్ర మీద రంగుల పలకా, కుంచెలూ పట్టుకుని మరీ ఉంది. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం వెండి కత్తి. అలాంటి కత్తులు అక్కడ పెళ్లికానుకగా ఇచ్చేవారు. క్లారా తన చిత్రాల్లో కొన్నిటిలో సంతకం కింద పెట్టకుండా, ఆ కత్తి పిడి మీద తన పేరు చెక్కినట్టు వేసింది. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 1819లో తెరిచారు. అక్కడ ఒక స్త్రీ చిత్రకారిణికి ప్రత్యేక ప్రదర్శన పెట్టడం 2016లోనే మొదలు. అది క్లారాదే.

మనమూ గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం. ఎవరి పేరు? సామాను తిరిగి ఇప్పించే పంచాయితీల్లో చాలాసార్లు కూర్చున్నాను. బీరువా, మంచం దగ్గర అంత పేచీ రాదు. ఇత్తడి బిందె దగ్గర వస్తుంది. "అది మా అమ్మది" అంటాడు భర్త. బోర్లించి చూస్తే అతని ఇంటిపేరే ఉంటుంది. కొన్నది అమ్మాయి తండ్రి!

ప్రతిభారాణి కేసులో 1985లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అత్తవారింట్లో ఉన్నా స్త్రీధనం ఆమెదే, దాన్ని కాజేస్తే నేరపూరిత నమ్మకద్రోహం. అదే ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం పెళ్లిలో వచ్చిన కానుకల జాబితా రాయాలి. బంగారం రాసి ఊరుకుంటున్నారు. బిందెలూ, గంగాళాలూ, చెంచాలతో సహా రాయించండి. కింద వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి.