కోటా చూపిద్దాం, చెరువూ చూపిద్దాం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విదేశాల్లో స్థిరపడిన మన మిత్రులు ఆల్ప్స్ కొండల్లోని కోటల ఫొటోలు గ్రూపులో పెడుతుంటారు. స్విట్జర్లండ్‌లో బెల్లింజోనా అని ఒక ఊరుంది. కనుమ దారిని కాపాడేందుకు మధ్యయుగంలో కట్టిన మూడు కోటలే ఆ ఊరి పేరు నిలబెట్టాయి. 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడదగ్గ ఊరే. అలాంటి కోట ఊరు మనకూ దగ్గర్లో ఉంది. కనిగిరి, పామూరు దాటి వెళితే ఉదయగిరి.

ఊరిని ఆనుకొని సుమారు మూడు వేల అడుగుల కొండ. దాని మీదా, కిందా కోట గోడలు, బురుజులు. కింద రంగనాయకుల గుడి, పైన మసీదు. ఎందరు రాజులు మారారో ఆ రాళ్లే చెబుతాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం నేడు చెన్నై మ్యూజియంలో ఉంది.

యుద్ధం అక్కడితో ఆగలేదు. అద్దంకి, వినుకొండ, కొండవీడు దాటి కళింగం దాకా సాగింది. చివరికి సంధి కుదిరి, ప్రతాపరుద్ర గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. మన కంభం చెరువు కట్టించిన వరదరాజమ్మ ఆ గజపతుల ఆడపడుచేనని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వేలమంది ప్రాణాలొడ్డి గెలుచుకున్న కోట కంపచెట్ల మధ్య శిథిలమై ఉంది. చెరువు మాత్రం, వానలు కురిసిన ఏడు, ఈనాటికీ పొలాలు తడుపుతోంది. బోర్లు ఎండి, పిల్లల్ని వదిలి పెద్దలు వలస పోయే మన పశ్చిమ ప్రకాశానికి ఇంతకన్నా అవసరమైన చరిత్ర పాఠం ఏముంటుంది?

అందుకే నాదొక విన్నపం. మన సంఘం నిధి నుంచి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు రోజుల ప్రయాణం ఏర్పాటు చేద్దాం. ఒకరోజు ఉదయగిరి, ఒకరోజు కంభం. సోషల్ మాస్టారు కోట గోడ దగ్గరా, చెరువు కట్ట మీదా నిలబడి పాఠం చెప్పాలి. చెరువు పూడిక గురించి, కాలువల గురించి అక్కడి రైతులనే పిల్లలు అడిగి తెలుసుకోవాలి. బస్సు ఖర్చులో మొదటి ఏడాది సగం నేను భరిస్తాను. మిగతా సగానికి ఈ సభలోనే చేతులు లేస్తాయని నా నమ్మకం.

సెలవు.