వేయి అడుగుల ఎడము



ఆకాశమునకు హద్దులు లేవని లోకమున వాడుక కలదు. విమానాశ్రయ సమీపమున మాత్రము ఆకాశము మిక్కిలి ఇరుకైనది. ఒక విమానము నేల విడుచుచుండగా వేరొకటి దిగవచ్చుచుండును. ఇవి ఒండొంటిని తాకకుండుటకై, పైకి లేచు ప్రతి విమానమునకు నిర్గమన విధానమొకటి ముందుగనే నిర్ణయింపబడి యుండును. ఏ దిక్కునకు మరలవలెనో, ఏ గుర్తు దాటువరకు ఎంత ఎత్తున నిలువవలెనో అందు వివరింపబడును. దిగివచ్చు విమానమునకును ఇట్టి కట్టుబాటే కలదు.

వీనిని పాటించుటలో పైలట్లు చేయు తప్పులు పైకి స్వల్పములుగనే కనబడును. అనుమతించిన ఎత్తును దాటిపోవుట, మలుపు ముందుగనే తిరుగుట, ఒక అంకెను వేరొక అంకెగా వినుట, కడపటి నిమిషమున మార్గము మారినను యంత్రమున పాత మార్గమునే ఉంచుట మొదలగునవి అట్టివి. అందువలననే నియంత్రణాధికారి చెప్పిన అంకెను పైలట్ తిరిగి అప్పజెప్పవలెనను నియమము ఏర్పడినది. కాని అప్పజెప్పుట వేరు, ఆచరించుట వేరు.

1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఈ భేదమును దారుణముగా చూపినది. సౌదీ విమానమొకటి ఢిల్లీనుండి ధహ్రానునకు బయలుదేరినది. జీవనోపాధికై పరదేశమునకు పోవుచున్న భారతీయులు అందు పెక్కురుండిరి. దానిని 14,000 అడుగుల ఎత్తున నిలువుమనిరి. షిమ్‌కెంట్ నుండి దిగివచ్చుచున్న కజకిస్తాన్ విమానమును 15,000 అడుగులవద్ద ఆగుమనిరి. రెండింటికి నడుమ ఎడము వేయి అడుగులు. ఆ కాలమున రాకపోకలకు ఒక్కటే దారి. అచ్చటి రాడారు విమానమున్న తావును చూపునే గాని ఎత్తును చూపదు. పైలట్ల మాటయే నియంత్రణాధికారికి ఆధారము.

ఎదురుగా విమానము వచ్చుచున్నదని ఆయన హెచ్చరించెను. కజకిస్తాన్ విమానమున సంభాషణ నడుపువాడు రేడియో ఉద్యోగి; ఎత్తు చూపు యంత్రము అతని ముందు లేదు. పైలట్ల భుజములమీదుగా తొంగిచూడవలసినదే. విమానము 15,000 అడుగులను దాటి క్రిందికి దిగినది. అతడు గుర్తించి పైకి పొమ్మని కేకవేయునప్పటికి కాలము మించినది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైని ఆకాశమున రెండు విమానములును ఢీకొన్నవి. ఉన్న 349 మందిలో ఒక్కరును మిగులలేదు.

న్యాయమూర్తి లాహోటీ గారి విచారణలో ప్రధాన కారణము తేలినది: కజకిస్తాన్ విమానము అనుమతించిన ఎత్తుకంటె క్రిందికి దిగుట. ఆ సిబ్బందికి ఆంగ్లభాష చక్కగ రాకపోవుటయు, వారిలో పరస్పర సమన్వయము కొరవడుటయు దానికి తోడైనవి. పిమ్మట రాకకు, పోకకు వేర్వేరు దారు లేర్పడినవి. ఎత్తును గూడ తెలుపు రాడారు వచ్చినది. ఢీకొను ప్రమాదమును ముందే సూచించు పరికరము విమానములకు విధిగా చేయబడినది.

పరికరములు ఎన్ని వచ్చినను మనుష్యుని శ్రద్ధకు అవి బదులు కాజాలవు. ఒకడు వినెను, మరియొకడు నడిపెను. అంకెను సరిచూచు బాధ్యత ఎవనిదియు కాకపోయెను. ఫైలుపై ‘చూడబడినది’ అని సంతకము చేయుట వేరనియు, నిజముగా చూచుట వేరనియు ప్రభుత్వోద్యోగులకు ఒకరు చెప్పనక్కరలేదు. సందేహము కలిగినప్పుడు మరల అడుగుట చిన్నతనము కాదు. ఆ సాయంకాలము ఒక్క ప్రశ్న సకాలమున అడిగియుండినచో, 349 మంది కుటుంబములు తమవారికై ఎదురుచూచుట వ్యర్థము కాకుండెడిది.