సీటు పట్టుకోవడం, సీటు వదలడం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1984 పదో తరగతి బ్యాచి. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరమ్మా, అమెరికాలో మనవాళ్ల పిల్లలు మెడిసిన్‌కి అప్లై చేస్తున్నారు. సీట్లు వచ్చాక ఏది ఎప్పుడు ఖాయం చేసుకోవాలో తెలియక తికమకపడుతున్నారు. పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. మైకు చేతికొస్తే నేను ఆపనని తెలిసే పది నిమిషాలన్నారు.

ముందు నా సంగతి. ఇంటరయ్యాక నాకు సీటు వెంటనే రాలేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. బీయస్సీలో చేరి కప్పల్ని కోసుకుంటూ కూర్చున్నాను. దీపావళి దాటాక ఒకరోజు పోస్టుమాన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. ఎవరో సీటు వదులుకుంటే అది నాకొచ్చింది. ఆ మనిషి ఎవరో ఈరోజుకీ తెలియదు. ఇంకో నెల ఊగిసలాడి ఉంటే నాకు ఆ ఏడాది పోయేదే. అప్పట్లో సీటు ఖాయం చేసుకోవడమంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఇచ్చేయడం. ఉన్నది ఒకటే టీసీ, రెండు చోట్ల పెట్టమన్నా పెట్టలేం.

అమెరికాలో ఒరిజినల్స్ ఎవరూ పట్టుకోరు. అందుకే ఒకే పిల్ల నాలుగు సీట్లు చేతిలో పెట్టుకుని కూర్చోవచ్చు. దీనికోసమే అక్కడి మెడికల్ కాలేజీల సంఘం కొన్ని తేదీలు పెట్టింది. ఆఫర్లు అక్టోబరు మధ్య నుంచి వస్తాయి. ఎక్కువ సీట్లున్నవాళ్లు ఏప్రిల్ 15 కల్లా మూడింటికి, ఏప్రిల్ 30 కల్లా ఒక్కదానికి తగ్గించుకోవాలి. ఆ ఒక్కదానికి 'ప్లాన్ టు ఎన్‌రోల్' అని పెడతారు. అంటే 'చేరాలనుకుంటున్నాను' అని. ఇది పెట్టినా వేరే కాలేజీల వెయిటింగ్ లిస్టుల్లో ఉండొచ్చు. 'కమిట్ టు ఎన్‌రోల్' అలా కాదు. అది నొక్కితే మిగతా సీట్లూ, వెయిటింగ్ లిస్టులూ అన్నీ వదులుకోవాలి. మనవాళ్లు తడబడేది ఈ రెండు మాటల దగ్గరే. మొదటిది తాంబూలాలు, రెండోది తలంబ్రాలు అనుకోండి. తలంబ్రాల ముహూర్తం ఏ కాలేజీకి ఆ కాలేజీ చెబుతుంది. కాబట్టి స్నేహితులు చెప్పింది కాదు, మీకొచ్చిన లెటరు చదవండి. టెక్సాస్ కాలేజీలకు చాలావరకు అప్లికేషన్ పద్ధతే వేరు.

మా అమ్మాయికి రెండు సీట్లొచ్చాయి. ఒకటి మా రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీ, ఇంటికి గంటన్నర దూరం. రెండోది దూరాన పేరున్న ప్రైవేటు కాలేజీ. తను మనసుపడ్డ మూడోదాంట్లో వెయిటింగ్ లిస్టు. మార్చిలో ప్రైవేటు కాలేజీ నుంచి ఆర్థిక సాయం లెటరు వచ్చింది. సాయం అన్న మాటేగానీ అందులో ఎక్కువ భాగం అప్పే. నాలుగేళ్ల ఫీజు, ఇంటద్దె, వడ్డీ కాగితం మీద వేసుకుంది. అక్కడ చేరనని ఆ రాత్రే తేల్చేసింది. అయినా సీటు మాత్రం వదల్లేదు. మా ఆయన "చేతిలో ఉంటే నష్టమేముంది?" అన్నారు. ఏప్రిల్ దాకా గడువుందిగా అని నేనూ ఊరుకున్నాను. రూలు ప్రకారం తప్పు లేదు. కానీ నాకు నిద్రపట్టలేదు. మూడోనాడు నా రిజిస్టరు కవరు కథ దానికి మొదటిసారి చెప్పాను. అది ఏమీ అనలేదు. మర్నాడు ఆ కాలేజీకి ఈమెయిలు పెట్టేసింది.

తేలనప్పుడు పట్టుకోవడం వేరు, తేలాక పట్టుకోవడం వేరు. లెక్క తెలియాల్సి ఉన్నా, కాలేజీ చూడాల్సి ఉన్నా గడువు దాకా ఆగండి, అది మీ హక్కు. భయం పోయేదాకా ఆగుతామంటే మాత్రం, పోదు. నాకైతే పోలేదు.

జూన్ చివర మూడో కాలేజీ ఫోన్ చేసింది. సీటుంది, రెండు రోజుల్లో చెప్పమంది. అప్పటికి మా అమ్మాయి 'కమిట్' నొక్కలేదు, ప్రభుత్వ కాలేజీ దగ్గర గదికి మాత్రం అడ్వాన్సు ఇచ్చింది. అప్పు ఎంతవుతుందో చెప్పమంటే, ఆ లెటరు రావడానికి వారం పడుతుందన్నారు. నేను చేరిపొమ్మన్నాను, ఒప్పుకుంటున్నాను. పేరు మీద మోజు నాదే. అది రెండో రోజు సాయంత్రం వద్దని చెప్పి, ఆ రాత్రే ప్రభుత్వ కాలేజీకి 'కమిట్' నొక్కేసింది. ఇప్పుడు రెండో ఏడాది చదువుతోంది. అప్పుడప్పుడూ నేనింకా ఆ మూడో కాలేజీ లెక్కలు వేస్తుంటాను, దానికి చెప్పకుండా.

ఇక్కడి నీట్ కౌన్సెలింగ్ వేరు. రౌండు రౌండుకీ రూల్స్ మారతాయి, వాటి గురించి నాకంటే మన లెక్కల మాస్టారు బాగా చెబుతారు. అమెరికా లెటర్లున్నవాళ్లు మాత్రం భోజనాలయ్యాక రండి. సైకిల్ స్టాండు పక్క వేపచెట్టు కింద కూర్చుంటాను. లెటర్లతో పాటు ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చుకోండి.