రెండోసారి చూసినప్పుడు



మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసం ఇమ్మని ఫిల్మ్ సొసైటీ కార్యవర్గం అడిగినప్పుడు, ఆయనకు ఇష్టమైన సినిమాల గురించి మాట్లాడదామనే మొదట అనుకున్నాను. తర్వాత ఆ ఆలోచన మానుకున్నాను. ఆయన ఇష్టాలు ఇక్కడున్న చాలామందికి కంఠతా వచ్చు. సొసైటీ ఆటల తర్వాత జరిగే చర్చల్లో ఆయన పదేపదే అడిగిన ప్రశ్న మాత్రం నాకింకా తేలలేదు. ఒక విమర్శకుడు సినిమా బాగుందన్నా, బాగాలేదన్నా, "ఏం చూసి అన్నాడు?" అని అడిగేవారు. ఈ సాయంత్రం ఆ ప్రశ్న పట్టుకుని సినిమా విమర్శ చరిత్రలో కొన్నిచోట్ల ఆగుదాం. అన్ని దేశాలూ తిరగను. తీర్పు తిరగబడిన సినిమాల దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

1958 సెప్టెంబరులో న్యూయార్క్‌లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' విడుదలైంది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్. 1940 నుంచి ఆ పత్రికలో సినిమాల మీద ఆయన మాటే చెల్లేది. ఈ సినిమా అల్లిక వదులుగా ఉందని, నడక నీరసంగా ఉందని, హాలీవుడ్ ఎడిటర్ల ముందు పెడితే కచ్చా కూర్పుగా నిలవడం కూడా కష్టమని రాశాడు. రెండు గంటలు ఓపిక పట్టినవారికి ప్రతిఫలం ఉంటుందని కూడా అదే సమీక్షలో రాశాడు. ఆ రెండో మాట మనం మర్చిపోయాం, మొదటిదే మిగిలింది. సినిమా ఆ ఊళ్లో దాదాపు ఎనిమిది నెలలు ఆడింది.

క్రౌథర్ మొద్దు మనిషి కాడు. యుద్ధం ముగిశాక ఇటలీ నుంచి వచ్చిన కొత్త సినిమాలను అమెరికాలో నెత్తిన పెట్టుకున్నవాళ్లలో ఆయనొకడు. రోసెల్లినీ తీసిన 'ది మిరకిల్' మతాన్ని కించపరిచిందని న్యూయార్క్‌లో నిషేధిస్తే, దాని పక్షాన కలం పట్టి నిలబడ్డాడు. సినిమాకూ భావప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుందని 1952లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ కేసులోనే. అంతటి మనిషికి 'పథేర్ పాంచాలి'లోని నిశ్చిందిపురం పల్లె కథ వదులుగా ఎందుకు కనిపించింది?

ఆ సినిమాలో ముసలి ఇందిర్ ఠాక్రూన్‌ను ఇంట్లోంచి పొమ్మన్నాక ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. మంచినీళ్లు తాగుతుంది. చెంబులో మిగిలిన నీళ్లు వాకిట్లో ఒక చిన్న మొక్కకు పోస్తుంది. వెళ్లిపోతుంది. కథ నడవడానికి ఆ మొక్క అక్కర్లేదు, ఎడిటింగ్ గదిలో కత్తెర పడితే మొదట పోయేది అదే. ఆ ఇంటికి ఇక తిరిగి రాని మనిషి ఆ ఇంటి మొక్కకు నీళ్లు పోసింది అన్న సంగతి మొదటిసారి చూస్తున్నప్పుడు తెలియదు. ఆమె మరణం చూశాక, మళ్లీ ఆ దృశ్యం దగ్గరికి వచ్చినప్పుడే తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. సినిమా విమర్శలో నిలిచిన మాటలన్నీ దాదాపుగా రెండోచూపులో పుట్టినవే.

అంతకు రెండేళ్ల ముందు, 1956లో, ఇదే సినిమా కాన్ చిత్రోత్సవంలో చేజారిపోయేదే. దాని ప్రదర్శనకు పెద్దగా ఎవరూ రాలేదు. చూసిన కొద్దిమంది విమర్శకులు, వారిలో ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే బజాన్ ముఖ్యుడు, పట్టుబట్టి మళ్లీ వేయించారు. ఉత్తమ మానవ పత్రంగా దానికి బహుమతి వచ్చింది ఆ తర్వాతే.

బజాన్ దగ్గర కాసేపు ఆగాలి. ఆయన సినిమా తీయలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. కార్మిక సంఘాల్లో, విద్యార్థుల క్లబ్బుల్లో సినిమాలు వేసి, దీపాలు వెలిగాక వాటి గురించి మాట్లాడటంతో మొదలుపెట్టాడు. 'సిటిజెన్ కేన్' యుద్ధం వల్ల ఆలస్యమై 1946లో ఫ్రాన్స్‌కు వచ్చింది. అంతకు ముందే అమెరికాలో చూసిన తత్వవేత్త సార్త్ర్ అది మేధావులకోసం తీసిన సినిమా అని, ఫ్రాన్స్‌కు ఆదర్శం కాదని కొట్టిపారేశాడు. ఆ రోజుల్లో పారిస్‌లో సార్త్ర్ మాటకు ఎదురు చెప్పడమంటే మామూలు విషయం కాదు. బజాన్ 1947లో సార్త్ర్ సొంత పత్రికలోనే దానికి జవాబు రాశాడు. ఆ జవాబులో అరుపులు లేవు. కెమెరా ఎక్కడుంది, దగ్గరున్న మనిషీ దూరంగా ఉన్న మనిషీ ఒకే ఫ్రేములో ఒకేలా స్పష్టంగా కనిపిస్తే ప్రేక్షకుడి కన్ను ఏం చేస్తుంది, ఎటు చూడాలో తనే ఎంచుకోవలసి వచ్చినప్పుడు కథతో అతని సంబంధం ఎలా మారుతుంది అన్నదే అందులో ఉన్నది. సినిమాను ఇలా చదవవచ్చని నాలాంటివాళ్లకు నేర్పిన వ్యాసాల్లో అదొకటి.

ఇంతకంటే కష్టపడి బతికిన సినిమా ఒకటుంది. ఝాఁ రెన్వార్ 'రూల్స్ ఆఫ్ ది గేమ్' 1939 జులైలో పారిస్‌లో విడుదలైంది. జనం ఈలలు వేశారు, తిట్టారు. రెన్వార్ భయపడి అక్కడక్కడా కత్తిరించాడు. అయినా పోయింది. యుద్ధం రాగానే ప్రజల మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత బాంబుదాడిలో నెగటివ్ కాలిపోయింది. మిగిలింది గాయపడిన కాపీలే. వాటినే క్లబ్బుల్లో వేసుకుని చూశారు, దాని గురించి రాశారు. 1950ల చివర్లో ఇద్దరు సినీప్రేమికులు దొరికిన ముక్కలన్నీ పోగుచేసి, రెన్వార్ సాయంతో 106 నిమిషాల సినిమాగా మళ్లీ కూర్చారు. 1959లో వెనిస్‌లో చూపించారు. ఆ కూర్పును అంకితమిచ్చింది ఎవరికో తెలుసా? అంతకు ముందు ఏడాది నవంబరులో, నలభై ఏళ్లకే కన్నుమూసిన బజాన్‌కు. ఒక దర్శకుడి సినిమాను ఒక విమర్శకుడి స్మృతికి అంకితం చేయడం నాకు తెలిసి చాలా అరుదు. ఈ వేదిక మీద ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

బజాన్ శిష్యుడు త్రూఫో దారి వేరు. 1954లో ఫ్రెంచి సినిమా పెద్దలను ఉతికి ఆరేస్తూ వ్యాసం రాశాడు. కలం ఎంత కరుకంటే 1958లో కాన్ చిత్రోత్సవం ఆయనను విలేకరిగా రానివ్వలేదు. మరుసటి ఏడాది అక్కడే 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్'కు ఉత్తమ దర్శకుడయ్యాడు. మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమా సమీక్షలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ తర్వాత సినిమా కథలూ మాటలూ రాయడానికి వెళ్లారు. 1967లో బాపుతో కలిసి గోదావరి ఒడ్డున పులిదిండిలో 'సాక్షి' తీశారు. భయస్తుడైన పడవవాడు ఒకడు నిజం చెప్పినందుకు ఊరంతా అతన్ని ఎలా వదిలేసిందో చెప్పే సినిమా అది. ఎదుటివాళ్ల సినిమాల్లో ఏది లేదని సమీక్షకుడిగా రమణ బాధపడ్డారో అది తన సినిమాలో పెట్టారని నేననుకుంటాను. కొడవటిగంటి కుటుంబరావు ఆ దారిన పోలేదు. దశాబ్దాలపాటు సినిమా మీద వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. ఒక సినిమాను జనం ఎందుకు ఆదరించారో తెలుసుకోవాలని పట్టుబట్టారు. జనం తెలివి తక్కువవాళ్లని తేల్చేసి ఊరుకోలేదు. ఈ ఇద్దరినీ సినిమా విమర్శకులుగా మన విశ్వవిద్యాలయాలు సరిగా చదవలేదని నా ఫిర్యాదు.

ఇక 1967. అమెరికాలో 'బానీ అండ్ క్లైడ్'. పాతికేళ్లకు పైగా ఏలిన క్రౌథర్ మళ్లీ మన కథలోకి వస్తాడు. ముప్ఫైల నాటి ఇద్దరు బందిపోట్ల కథ అది. హత్యలను వేళాకోళం చేశారని ఆయనకు ఒళ్లు మండింది. ఒకసారి కాదు, మూడుసార్లు రాశాడు. న్యూస్‌వీక్‌లో జో మోర్గెన్‌స్టర్న్ కూడా ఏకి పెట్టాడు. కానీ ఆ వారాంతంలో భార్యను వెంటబెట్టుకుని మామూలు ప్రేక్షకుల మధ్య కూర్చుని మళ్లీ చూశాడు. హాలు ఊపిరి బిగబట్టడం విన్నాడు. మరుసటి వారం అదే పత్రికలో, తన మొదటి సమీక్ష అన్యాయమైనదని రాసి, కొత్త సమీక్ష రాశాడు. వారపత్రికలో ఏడు రోజుల తేడాతో తన తీర్పును తనే కొట్టేయడం! తర్వాత 2005లో ఆయనకు విమర్శకే పులిట్జర్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో ఆయన పెద్ద గౌరవం ఆ రెండో సమీక్షే.

అందరూ కొట్టుకున్నది హింస గురించి. అసలు ఆ హింస తెర మీద ఎలా వస్తుంది? బ్యాంకు దోపిడీ జరుగుతుండగా బయట కారు నడిపే కుర్రాడు, పారిపోవడానికి సిద్ధంగా ఉంచాల్సిన కారును బుద్ధిగా రెండు కార్ల మధ్య ఇరికించి పార్క్ చేస్తాడు. దోపిడీదారులు పరుగెత్తుకొచ్చేసరికి కారు బయటికి రాదు. ముందుకూ వెనక్కీ గుద్దుకుంటుంటే హాలంతా నవ్వుతుంది. ఆ ఆలస్యంలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన కారు పక్కన ఎక్కి పట్టుకుంటాడు. క్లైడ్ అద్దంలోంచి ఆయన ముఖం మీద కాలుస్తాడు. నవ్వు ఆగేలోపు రక్తం. క్రౌథర్ ఆ నవ్వునే చూశాడు. ఆ నవ్వు మన గొంతులో అడ్డం పడటం కోసమే అక్కడ ఉందని విమర్శకురాలు పాలిన్ కేల్ చూసింది. అక్టోబరులో ఆమె న్యూయార్కర్‌లో రాసిన సుదీర్ఘ వ్యాసం, ఈ కథను పాతకాలపు బందిపోటు సినిమాల వరుసలో పెట్టి, ఏది పాతదో ఏది కొత్తదో విడదీసి చూపింది. అంతకు ముందు వేరే పత్రిక ఆ వ్యాసాన్ని వేసుకోలేదు. మరుసటి ఏడాది ఆమె న్యూయార్కర్‌కు విమర్శకురాలైంది, క్రౌథర్ టైమ్స్‌లో ఆ స్థానం వదిలాడు. సినిమాకు పది ఆస్కార్ నామినేషన్లు, రెండు బహుమతులు.

కేల్ ఒక సినిమాను రెండోసారి చూడనని గర్వంగా చెప్పుకునేది. నా వాదానికి ఇది అడ్డే, దాటేసి పోను. అయితే ఆమె తలలో ముప్ఫై ఏళ్ల సినిమాలు నిండి ఉన్నాయి. కొత్త సినిమా చూస్తున్నప్పుడు పాతవన్నీ మళ్లీ చూసేది. అందరికీ ఆ జ్ఞాపకశక్తి ఉండదు. మనబోటివాళ్లు మళ్లీ హాలుకు వెళ్లక తప్పదు.

బ్రిటన్ నుంచి వచ్చే 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి ప్రపంచ విమర్శకులను ఓటు అడుగుతోంది. 1952లో మొదటి స్థానం నాలుగేళ్ల వయసున్న 'బైసికిల్ థీవ్స్'ది. అప్పుడు మొదటి పదిలో లేని 'సిటిజెన్ కేన్' 1962లో అగ్రస్థానానికి వచ్చి 2002 దాకా కదల్లేదు. 1960లో కాన్‌లో జనం గేలిచేసిన అంటోనియోనీ 'లవెంచురా' రెండేళ్లకే ఈ జాబితాలో రెండోది. 1958లో మిశ్రమ సమీక్షలే పొందిన హిచ్‌కాక్ 'వర్టిగో' ఇంకా విచిత్రం. డెబ్భైల్లో హిచ్‌కాక్ దాన్ని చలామణిలోంచి తీసేశాడు. చూద్దామన్నా దొరకని కాలంలో, 1982లో, అది మొదటి పదిలోకి ఎక్కింది. రాబిన్ వుడ్ వంటి విమర్శకులు పుస్తకాల్లో దాన్ని బతికించారు. 2012లో అది మొదటిదైంది. 2022లో ఓటు వేసినవారు 1,600 దాటారు. మొదటి స్థానం శాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'ఝాన్ డీల్మన్'కు దక్కింది. మూడు గంటల ఇరవై నిమిషాలు ఒక గృహిణి బంగాళాదుంపలు తొక్కతీయడం, గిన్నెలు కడగడం, పక్క సర్దడం. రెండో రోజు దుంపలు మాడిపోతాయి. మొదటి రోజు ఆమె వంట ఎంత పద్ధతిగా చేసిందో చూసినవాళ్లకే ఆ మాడు భయం పుట్టిస్తుంది. ఆ జాబితాలు అన్యాయమైనవని ఏటా ఎవరో ఒకరు అంటారు. సత్యజిత్ రాయ్‌కు 1992లో దొరికిన ఆరో స్థానం తర్వాత మళ్లీ దొరకలేదు, నాకూ బాధే. కానీ పదేళ్లకోసారి ప్రపంచం కూర్చుని తన తీర్పును మళ్లీ చూసుకోవడమన్నది మరే కళలోనూ ఇంత బాహాటంగా జరగడం నేను చూడలేదు.

మన దేశంలో 1975 ఆగస్టు 15న విడుదలైన 'షోలే' మీద తొలి సమీక్షలు కటువుగా ఉన్నాయి. ఆ ఏటి ఫిలింఫేర్ అవార్డుల్లో దానికి దక్కింది ఎడిటింగ్ ఒక్కటే. అదే ఫిలింఫేర్ 2005లో యాభై ఏళ్ల ఉత్తమ చిత్రంగా దాన్ని ఎంచింది. 1957 నాటి మన 'మాయాబజార్'ను 2013లో ఒక జాతీయ టీవీ చానల్ నిర్వహించిన ఓటింగులో జనం దేశంలోనే గొప్ప సినిమాగా ఎన్నుకున్నారు. ఆ ఓటు వేసినవాళ్లు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి ఆ చూపు, ఆ భుజాల విరుపు, ఆ నడక ఎలా పట్టిందో, ఒకే దేహంలో ఇద్దరిని ఎలా వేరు చేసిందో షాట్‌వారీగా విప్పి చెప్పే వ్యాసం మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు. జనం మళ్లీ మళ్లీ చూశారు, విమర్శ మాత్రం మళ్లీ చూడలేదు.

ఇవాళ తెలుగు సినిమా ఇక్కడ విడుదల కాకముందే అమెరికాలో ప్రీమియర్ పడుతుంది. విశ్రాంతి సమయానికే ఫస్టాఫ్ ఎలా ఉందో ఫోన్లలోకి వస్తుంది. ఇక్కడ మొదటి ఆట మొదలయ్యేసరికి 2.75 అనో 3 అనో అంకె పడిపోతుంది. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్సులు, మైనస్సులు, తీర్పు. ఆ రాసే కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. నిద్ర మానుకుని రాస్తారు, సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లే. ఆ రాసినవాణ్ణి మూడో వారంలో మళ్లీ అదే సినిమాకు పంపించి, ఇప్పుడేం కనిపించిందో రాయమని అడిగే పత్రిక మనకు లేదు. మోర్గెన్‌స్టర్న్‌కు దొరికిన రెండో వారం మనవాళ్లకు దొరకడం లేదు.

అందుకని కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. మాస్టారు పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి పదహారు మిల్లీమీటర్ల ప్రింట్లు తెప్పించిన రోజుల్లో రీళ్లు వెంటనే వెనక్కి పంపాలి, రెండోసారి వేసే వీలు ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది నుంచి ఏటా ఆరు సినిమాలే ఎంచుకుందాం. ఒక్కొక్కటి నెల వ్యవధిలో రెండుసార్లు వేద్దాం. మొదటి ఆట తర్వాత సభ్యులు రాసిన సమీక్షలు కవరులో పెట్టి కార్యదర్శికి ఇవ్వాలి. రెండో ఆట అయ్యాక అవి తెరిచి, రాసినవాళ్లే వేదిక మీద చదివి, మారినది ఏమిటో చెప్పాలి. మొదటి సినిమాగా 'సాక్షి' వేయాలని నా కోరిక. తొలి సమీక్ష నేనే రాసి ఇస్తాను.