నడుము నొప్పి: మనకి అమ్ముతున్న వైద్యం, మనకి అందని వైద్యం

(మహిళా సంఘాల కార్యకర్తల ఆరోగ్య శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ఇరవై రెండేళ్ళుగా సంఘాలతో పనిచేస్తున్న కార్యకర్తని. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు ఒక సంచి వల్ల వచ్చింది. మా ఇంట్లో బీరువా మీద వుంటుంది ఆ సంచి. అందులో రెండు నడుము బెల్టులు, ఒక మెడ పట్టీ, రెండు ఎమ్మారై ఫిల్ములు, బోలెడన్ని ఎక్స్‌రేలు, సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు వున్నాయి. పదకొండేళ్ళ నొప్పి చరిత్ర అది. ఆ సంచిలో ఒక్క కాగితం మాత్రం లేదు. నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరు, నా నడుము మీద చెయ్యి కూడా వెయ్యకుండానే, "పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీయించుకుంటే పీడా పోతుంది" అంటూ రాసిచ్చిన చీటీ. దాన్ని ఆస్పత్రి గుమ్మం దగ్గరే చింపేశాను. ధైర్యం వుండి కాదు, మా పెద్దక్క గుర్తొచ్చింది.

మా పెద్దక్కకి ముప్పై ఒకటో ఏట గర్భసంచి తీసేశారు. ఆవిడ ఆస్పత్రికి వెళ్ళింది నడుము నొప్పి, తెల్లబట్ట అని. "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఎవరికైనా ఇంకేం తోస్తుంది? బంగారం కుదువపెట్టి చేయించుకుంది. అండాశయాలు కూడా తీశారని ఆవిడకి చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. నడుము నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, యాభై దాటేసరికి ఎముకలు గుల్లబారాయన్న మాట. అండాశయాలు ముందే తీసేస్తే ఎముకలు త్వరగా పలచబడతాయి. అవి వుంచి గర్భసంచి ఒక్కటే తీసినా ముట్లు ఆగే దశ కొన్నేళ్ళు ముందే రావచ్చు. అంటే నడుము నొప్పికని చేసిన ఆపరేషన్ రేపటి వెన్నుపూస విరుగుళ్ళకి దారి తీస్తుందన్నమాట.

ఇది మా అక్క ఒక్కదాని కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఇవన్నీ నడుము నొప్పి కోసమే చేశారని నేను అనను. గడ్డలకీ, అధిక రక్తస్రావానికీ, జారిపోయినప్పుడూ నిజంగా అవసరమయ్యే ఆపరేషన్ అది. కానీ మీ ఊళ్ళల్లో ఆపరేషన్ అయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి "ఏ బాధతో వెళ్ళావక్కా" అని అడగండి. ఎంతమంది నోట నడుము మాట వస్తుందో మీరే రాసుకోండి.

"ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయి" అన్న నమ్మకం మన ఊళ్ళలో ఎంత గట్టిదో మీకు తెలుసు. ఆ భయాన్ని పోగొట్టవలసిన డాక్టరు దాన్నే పెట్టుబడిగా వాడుకుంటే ఇలాగే అవుతుంది. ఎముకలు కరిగి పోవు. వాసన, దురద, రంగు మార్పు వున్న తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దానికి మందులున్నాయి. గర్భసంచి జబ్బుల వల్ల నడుము లాగడమూ లేకపోలేదు. ముట్టు రోజుల్లో పెరిగే నొప్పి, పొత్తికడుపులో వాపు వున్నప్పుడు ఆ సంగతి చూడాలి. మనలో చాలామంది నొప్పి మాత్రం వెన్ను కండరాలదీ, కీళ్ళదీ, చేసే చాకిరీదీ.

ఇంకో మాట కూడా ప్రతి సమావేశంలో వింటాను. "కాన్పు ఆపరేషన్‌కి నడుములో సూది వేశారు, అప్పట్నుంచీ ఇంతే." సూది వేసిన చోట కొన్నాళ్ళు నొప్పి వుండొచ్చు. ఏళ్ళ తరబడి నొప్పికి మాత్రం అది కారణమని పరిశోధనల్లో తేలలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పసిబిడ్డని ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, రాత్రి నిద్ర లేకపోవడం, మూడో నెలకే పొలానికి పోవడం. సూది మీద నింద వేస్తే వీటి గురించి ఎవరూ అడగరు.

సరే, మరి వైద్యం ఏమిటి? 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి వుందని లెక్క. మనిషిని పని చేయలేని స్థితికి తెచ్చే వాటిలో అన్నిటికంటే ముందున్నది ఇదే, బాధితుల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంతమందికి వున్న బాధ కాబట్టి దీని మీద పరిశోధన చాలా జరిగింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మూడు నెలలు దాటిన, వేరే జబ్బు ఏదీ కారణం కాని నడుము నొప్పికి ఏ చికిత్స చేయాలో, ఏది వద్దో మార్గదర్శకాలు ఇచ్చింది. అది చదువుతుంటే నాకు నా సంచి గుర్తొచ్చి నవ్వొచ్చింది. బెల్టులు మామూలుగా వాడవద్దంది. బరువులు కట్టి లాగే ట్రాక్షన్ వద్దంది. 'కరెంటు పెట్టడం' అని మనం పిలుచుకునే చికిత్సలూ, అల్ట్రాసౌండ్ యంత్రంతో రుద్దడమూ వద్దంది. పది సిట్టింగులకి డబ్బు ముందే కట్టించుకుని నాకు చేసినవన్నీ ఇవే! నల్లమందు జాతి మందులు కూడా వద్దంది. ఆస్ట్రేలియాలో కొత్తగా నడుము నొప్పి, మెడ నొప్పి వచ్చిన వాళ్ళకి ఆ మందులిచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకన్నా ఏమీ ఎక్కువ పని చెయ్యలేదని 2023లోనే తేలింది. కాలులోకి పాకే నొప్పికి మన దగ్గర 'నరాల మాత్ర' పేరుతో విరివిగా రాసే ప్రీగాబలిన్ కూడా 2017 నాటి పరిశోధనలో ఉత్తుత్తి మాత్రని గెలవలేకపోయింది. మత్తు, తల తిరగడం మాత్రం తెచ్చింది.

పని చేసేవేమిటంటే, చెబితే "ఓస్ ఇంతేనా" అంటారు. మొదటిది, మంచం పట్టకపోవడం. తీవ్రంగా వున్నప్పుడు ఒకటి రెండు రోజులు తగ్గించుకున్నా, తర్వాత కదలాలి. కదిలితే ఇంకా పాడవుతుందన్న భయమే నొప్పిని బిగదీస్తుంది. నొప్పి వున్నంత మాత్రాన లోపల ఏదో తెగిపోతోందని కాదు. రెండోది వ్యాయామం. ఏ వ్యాయామం అన్నదానికన్నా మానకుండా చేయడం ముఖ్యం. ఆస్ట్రేలియాలోనే 701 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2024లో వచ్చింది. నడుము నొప్పి తగ్గినవాళ్ళకి మెల్లమెల్లగా నడక పెంచడం నేర్పారు, వారానికి అయిదు రోజులు, అరగంట లక్ష్యంగా. ఏమీ చెయ్యనివాళ్ళలో సగం మందికి 112 రోజుల్లో నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్ళలో 208 రోజులు పట్టింది. నడకకి ఫీజు లేదు. కానీ మా అక్కలాంటిది సాయంత్రం అరగంట నడవడానికి బయల్దేరితే "ఎక్కడికి పోతున్నావ్" అని అడిగేవాళ్ళు ఎంతమంది! పగలంతా పొలంలో తిరుగుతున్నాం కదా, ఇంకా నడకేమిటి అనేవాళ్ళూ వున్నారు. వంగి నాట్లు వేయడమూ, నీళ్ళ బిందె మొయ్యడమూ వ్యాయామం కాదు. ఒకే కండరం మీద ఒకే భారం, మన ఇష్టం వచ్చినప్పుడు ఆపే వీల్లేకుండా పడుతుంది.

నొప్పి మాత్రలు కొద్దిరోజులకి పనికొస్తాయి. పారాసెటమాల్ ఒక్కటే వేసుకుంటే నడుము నొప్పికి పెద్ద ఫలితం లేదని 2014లో తేలింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతివి కొంత నయం, కానీ కడుపులో పుండ్లకీ, కిడ్నీలకీ ప్రమాదం. బీపీ వున్నవాళ్ళు, కిడ్నీ జబ్బు వున్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. నెలల తరబడి అసలే వద్దు. వారం వారం ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే అలవాటు మన ఊళ్ళలో మామూలైపోయింది. ఆ సూదిలో ఏముందో అడగండి. స్టెరాయిడ్ వుంటే రెండు రోజులు హాయిగా వుంటుంది, ఏళ్ళ మీద ఎముకలు తినేస్తుంది. వేడి కాపడం, మర్దనా ఉపశమనమిస్తాయి. అమ్మమ్మలు చేసినదే, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఎమ్మారై గురించి ఒక్క మాట. రిపోర్టులో "డిస్క్ బయటికి వచ్చింది" అని చూడగానే మనకి కాళ్ళాడవు. నొప్పే లేని మనుషులకి స్కాన్ తీసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క వేస్తే, నలభై ఏళ్ళవాళ్ళలో సగం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతానికి. తల నెరిసినట్టే వెన్నూ నెరుస్తుంది. అందుకని స్కాన్ రాసినప్పుడు డాక్టర్ని ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఏం వచ్చినా మీరిచ్చే వైద్యం మారుతుందా?" మారదంటే డబ్బు మిగుల్చుకోండి. కాలులోకి దిగే నొప్పి ఎక్కువ మందికి కొన్ని వారాల్లో, నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఆపరేషన్ కాలి నొప్పిని త్వరగా తగ్గిస్తుంది, నిజమే. ఏడాది తిరిగేసరికి చేయించుకున్నవాళ్ళకీ, చేయించుకోనివాళ్ళకీ పెద్ద తేడా కనబడలేదు.

అయితే ఆలస్యం చెయ్యకూడని నొప్పులు కొన్ని వున్నాయి, ఇవి మాత్రం నోట్‌బుక్కులో రాసుకోండి. మూత్రం, మలం పట్టు తప్పినా, అసలు మూత్రం రాకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, కాళ్ళు పట్టు తప్పుతున్నా అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి వుంటే వెన్ను క్షయ వుందేమో చూడాలి. మన దేశంలో అది అరుదు కాదు, మందులతో నయమవుతుంది. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కింద పడ్డవాళ్ళు, ముట్లు ఆగిన తర్వాత హఠాత్తుగా నొప్పి వచ్చినవాళ్ళు కూడా వెంటనే చూపించుకోవాలి. వీళ్ళకి స్కాన్ తప్పనిసరి.

మెడ నొప్పి దగ్గరికి వస్తాను. నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చేసే అక్కల దగ్గర నేను కొన్నేళ్ళు తిరిగాను. ఒళ్ళో చాట, తల వంచి, ఆకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకింత అని కూలి. తల ఎత్తితే బీడీ తగ్గుతుంది, బీడీ తగ్గితే కూలి తగ్గుతుంది. అలాంటప్పుడు "అప్పుడప్పుడు విశ్రాంతి తీసుకోమ్మా" అని చీటీ మీద రాసిస్తే ఏం లాభం? ఆ చీటీ కంపెనీకి రాయాలి. ముక్క కూలి వున్నంత కాలం మెడ నొప్పి కూలి సమస్యే. గుత్త పద్ధతిలో నాట్లు వేసే గుంపులదీ, పీసు లెక్కన బట్టలు కుట్టేవాళ్ళదీ అదే కథ.

అంతదాకా చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. చాట కింద దిండో పీటో పెట్టి ఎత్తు పెంచితే మెడ అంత వంగదు. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి వున్న దాదాపు రెండొందల మంది ఆఫీసు ఉద్యోగులకి, ఎక్కువ మంది ఆడవాళ్ళే, రబ్బరు పట్టీ కాళ్ళ కింద తొక్కి రెండు చేతులూ పక్కలకి ఎత్తే వ్యాయామం పది వారాలు చేయించారు. కొందరు రోజుకి పన్నెండు నిమిషాలు, కొందరు రెండే నిమిషాలు. ఇద్దరికీ నొప్పి తగ్గింది. 2011 నాటి మాట ఇది. రబ్బరు పట్టీ లేకపోతే నీళ్ళు నింపిన రెండు అరలీటరు సీసాలతో మొదలుపెట్టొచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను. నా మెడ పట్టీ సంచిలోకి వెళ్ళింది అప్పుడే.

మనసు సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. పరీక్షల్లో ఏమీ దొరకనప్పుడు "నీదంతా మనసులో వుంది" అని డాక్టర్లూ, ఇంట్లోవాళ్ళూ కొట్టిపారేస్తారు. నొప్పి నిజం. దాన్ని పెంచేవాటిలో దిగులు, నిద్రలేమి, భయం వున్నాయన్నదీ నిజం. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీలలో దీర్ఘకాలపు నొప్పులు ఎక్కువని అనేక దేశాల్లో చూశారు. కాబట్టి మన దగ్గరికి నడుము నొప్పితో వచ్చిన మనిషిని, ఒంటరిగా వున్నప్పుడు, ఇంట్లో ఎలా వుందో అడగండి. అది వైద్యంలో భాగమే.

ఇక హక్కులు. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది గుర్తుంచుకోండి. పరీక్ష కోసం మత్తిచ్చిన 44 ఏళ్ళ స్త్రీకి, ఆమె మత్తులో వుండగా తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పెద్దమనిషి, తెలివిలోకి రాగల మనిషి తరఫున ఇంకొకరి అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. మన ఆస్పత్రుల్లో ఈ రోజుకీ భర్త సంతకం పట్టుకుని తిరుగుతుంటారు. 2023 ఏప్రిల్‌లో అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, కేంద్రం రాసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మార్గదర్శకాల్లో జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ కూడా వుంది. మీ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? సమాచార హక్కు కింద ఒక్కో జిల్లా నుంచీ ఒక్కో దరఖాస్తు వేద్దాం. నమూనా ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. మండలానికొక ఫిజియోథెరపిస్టు వున్నారా, ఎన్ని రోజులు వస్తారు అన్న ప్రశ్న కూడా అందులో చేర్చాం.

మా పెద్దక్క ఇప్పుడు మా సంఘం ఆడవాళ్ళు నలుగురితో కలిసి చెరువుకట్ట మీద నడుస్తోంది. ఒంటరిగా అయితే అడ్డు చెప్పేవాళ్ళు, అయిదుగురు కనబడేసరికి ఊరుకున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకోవడం లేదు.

గంట నుంచీ చాపల మీద కూర్చున్నాం. ప్రశ్నలు అడిగేవాళ్ళు లేచి, అటూ ఇటూ తిరుగుతూ అడగండి.